పూత వేయడం కాదు.. నిలబెట్టడమే కొలువు!

ప్లాస్టిక్ హెడ్‌లైటు మీద వేసే యాంటీ రిఫ్లెక్షన్ పూత మందం మన తలవెంట్రుకలో సుమారు ఏడొందలో వంతు. దాన్ని వేయడం ల్యాబ్‌లో ఒక పూట పని. ఎండకీ, ఉప్పుగాలికీ, ఇసుకకీ ఏళ్ల తరబడి తట్టుకునేలా చేయడం మాత్రం ఇంజినీర్లను ఇప్పటికీ ముప్పుతిప్పలు పెడుతున్న పని. మెకానికల్, కెమికల్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ‘కోర్ ఉద్యోగాలు ఎక్కడున్నాయండీ’ అని నిట్టూర్చేవాళ్లు ఒకసారి ఇటు చూడాలి.

చీకటి పడ్డాక భోగాపురం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఓ పది నిమిషాలు నిలబడి, ఎదురుగా వచ్చే బండ్లను గమనించండి. కొత్త కార్ల వెలుగు తెల్లగా, సూటిగా వస్తుంది. ఏడెనిమిదేళ్లు తిరిగిన బండిదైతే పసుపు పట్టి, మసకబారి, రోడ్డు మీద పడాల్సింది అటూ ఇటూ చెదిరిపోతుంటుంది. చాలామంది బల్బు మార్చి చూస్తారు. తేడా పెద్దగా కనిపించదు. ఎందుకంటే పాడైంది బల్బు కాదు, దాని ముందున్న ప్లాస్టిక్ కవరు.

తగరపువలస నుంచి శ్రీకాకుళం దాకా హైవే పక్క షెడ్లలో ఈ కవర్లను గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పట్టి ఇస్తుంటారు. కొందరైతే టూత్‌పేస్టుతోనే కానిచ్చేస్తారు. ఎన్నాళ్లు ఉంటుందని ఓ మెకానిక్‌ను అడిగితే, ‘ఏటుంటాది బాబూ, నాలుగు నెల్లు పోతే మల్లీ అలాగే అయిపోద్ది’ అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, దానికి కారణం కూడా ఉంది. రుద్దేటప్పుడు పసుపుతో పాటు ఫ్యాక్టరీలో వేసిన రక్షణ పూత కూడా లేచిపోతుంది. లోపలి ప్లాస్టిక్ నేరుగా ఎండకు దొరికిపోతుంది. అందుకే రెండోసారి ఇంకా తొందరగా పసుపెక్కుతుంది.

ఇదేదో బండి అందానికి సంబంధించిన విషయం అనుకోకండి. అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో పాత హెడ్‌లైట్లను పరీక్షించింది. బాగా మసకబారిన వాటి నుంచి వచ్చే వెలుగు కొత్తవాటితో పోలిస్తే సుమారు 20 శాతమే అని తేల్చింది. ఐదింట ఒక వంతు వెలుగుతో లారీలు, ఆటోలు, సైకిళ్లు, పశువులు కలిసి తిరిగే మన రోడ్డు మీద బండి నడపడం ఎలా ఉంటుందో ఊహించండి.

గాజు కళ్ల నుంచి ప్లాస్టిక్ కళ్లకు

అంబాసిడర్ కారు గుండ్రటి కళ్లు గుర్తున్నాయా? అవి గాజువి. పగలడం తప్ప పసుపెక్కడం వాటికి తెలియదు. అమెరికాలో 1984లో లింకన్ మార్క్-7 కారు ప్లాస్టిక్ కవరున్న, కారు ముఖం ఆకారానికి తగ్గట్టు మలిచిన హెడ్‌ల్యాంపుతో వచ్చింది. ఆ తర్వాత మెల్లగా ప్రపంచమంతా అదే దారి పట్టింది.

ఆ ప్లాస్టిక్ పేరు పాలీకార్బొనేట్. గాజు బరువులో సగం కూడా ఉండదు. రాయి తగిలినా అంత తేలిగ్గా పగలదు. ఏ వంపులో కావాలంటే ఆ వంపులో అచ్చు పోయొచ్చు. అయితే దీనికి రెండు పెద్ద బలహీనతలున్నాయి. ఒకటి, ఒంటి మీద పూత లేకపోతే మామూలు హెచ్‌బీ పెన్సిల్‌కే గీత పడిపోతుంది. రెండు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని అణువుల గొలుసులను తెంపి, పసుపు రంగు పదార్థాలుగా మార్చేస్తాయి.

ఈ రెంటికీ మందుగా కంపెనీలు ‘హార్డ్‌కోట్’ వేస్తాయి. సిలోక్సేన్ లేదా యాక్రిలిక్ రకం పూత, కొన్ని మైక్రాన్ల మందం, అందులో అతినీలలోహిత కిరణాలను పీల్చేసుకునే రసాయనం. మీ కారు హెడ్‌లైటు మొదటి కొన్నేళ్లు తళతళలాడుతోందంటే అది ఈ పూత చలవే. ఆ రసాయనం ఖర్చైపోయాకో, పూత పగుళ్లిచ్చాకో కథ మొదలవుతుంది.

నూటికి పది ఎక్కడికి పోతున్నాయి?

ఇంటర్ ఫిజిక్స్‌లో వక్రీభవన గుణకం చదివే ఉంటారు. గాలికి 1, పాలీకార్బొనేట్‌కు 1.586. కాంతి ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి దూకేటప్పుడు కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంత అంటే, రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి వర్గం చేయాలి. ఇక్కడ 0.586ను 2.586తో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.051. అంటే 5 శాతం చిల్లర. కవరుకు లోపలి ముఖం, బయటి ముఖం రెండూ ఉన్నాయి కాబట్టి ఎల్‌ఈడీ ఇచ్చిన వెలుగులో దాదాపు 10 శాతం రోడ్డు చేరకుండానే వెనక్కి పోతుంది. వెనక్కి పోయింది ఊరికే ఉండదు. ల్యాంపు లోపల అటూ ఇటూ తగిలి, కొంత తప్పుడు కోణంలో బయటకొచ్చి ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

దీన్ని ఆపడానికి చేసే ఉపాయమే యాంటీ రిఫ్లెక్షన్ పూత. పల్చటి పొర ఒకటి వేస్తే పరావర్తనం రెండు చోట్ల జరుగుతుంది, పొర పైముఖం దగ్గర ఒకటి, అడుగు ముఖం దగ్గర ఒకటి. రెండో తరంగం సరిగ్గా సగం అడుగు వెనకబడి వచ్చేలా పొర మందం పెడితే, ఒకదాని శిఖరం మీద ఇంకోదాని లోయ పడి రెండూ రద్దవుతాయి. వెనక్కి పోవాల్సిన శక్తి ముందుకే వెళ్తుంది. పొర గుణకం కింది పదార్థం గుణకానికి వర్గమూలం కావాలి. 1.586కు వర్గమూలం 1.26. మందం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి, అదీ పొర లోపల కొలిచి. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి లెక్కేస్తే 109 నానోమీటర్లు వస్తుంది.

ఈ లెక్క మీ కళ్ల ముందే ఉండొచ్చు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు వాటిని ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి. పచ్చటి లేదా ఊదా రంగు మెరుపు కనిపిస్తే అది ఇలాంటి పూతే, కాకపోతే అక్కడ చాలా పొరలు వేస్తారు. ఆ రంగు ఎందుకంటే రద్దు కావడం ఒక తరంగదైర్ఘ్యం దగ్గరే పూర్తిగా జరుగుతుంది, మిగతా రంగులు కాస్త మిగులుతాయి.

అసలు ఈ పూతల చరిత్ర మొదటి నుంచీ మన్నిక గొడవే. 1938లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబ్‌లో కేథరీన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రవేత్త సబ్బు లాంటి అణువుల పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మెరుపు లేని గాజును చూపించారు. పత్రికలు దానికి ‘కనిపించని గాజు’ అని పేరు పెట్టాయి. కానీ చేత్తో తుడిస్తే ఆ పొర లేచిపోయేది! దానికి మూడేళ్ల ముందే, 1935లో జర్మనీలో కార్ల్ జైస్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ స్మకులా శూన్యంలో ఆవిరి చేసి పూత పట్టించే పద్ధతి కనిపెట్టారు. కెమెరా లెన్సుల్లో నిలబడింది ఈ రెండోదే. ఆలోచన ఎంత గొప్పదైనా గుడ్డ పెట్టి తుడిచాక మిగిలేదే మార్కెట్‌కు వెళ్తుంది.

సగం గాలి, సగం గాజు

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. గుణకం 1.26 ఉన్న గట్టి పదార్థం ప్రకృతిలో దొరకదు. లెన్సుల మీద వాడే మెగ్నీషియం ఫ్లోరైడ్‌కు 1.38. దాన్ని పాలీకార్బొనేట్ మీద వేస్తే 5 శాతం పరావర్తనం 1 శాతం లోపుకు దిగుతుంది, సున్నా కాదు. సున్నా కావాలంటే గాజులో గాలి కలపాలి! అంటే సిలికా రేణువుల మధ్య ఖాళీలు వదిలిన స్పాంజి లాంటి పొర. లెక్కేస్తే దాదాపు సగం గాలి ఉండాలి.

ఆలోచించండి. వెలుగు కోసం సగం ఖాళీ పెట్టమంటుంది ఫిజిక్స్. గీతలు పడకుండా ఖాళీ లేకుండా బిగించమంటుంది మెకానికల్. రేణువులను పట్టి ఉంచే బైండరు ఎక్కువ కలిపితే పొర గట్టిపడుతుంది కానీ గుణకం పెరిగి వెలుగు లాభం తగ్గుతుంది. తక్కువ కలిపితే గుడ్డకే రాలిపోతుంది. ఈ రంగంలో ఎవరి పరిశోధనా పత్రం తిరగేసినా చివరికి ఈ బేరమే కనిపిస్తుంది.

సోలార్ ప్యానెళ్ల గాజు మీద కూడా ఇలాంటి స్పాంజి సిలికా పూతే వేస్తారు. అది బాగానే నిలుస్తోంది. ఎందుకు? పూత వేశాక గాజును టెంపరింగ్ కొలిమిలో 600 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఆ వేడికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. పాలీకార్బొనేట్‌కు ఆ భాగ్యం లేదు. సుమారు 147 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. కాబట్టి పూతను 120, 130 డిగ్రీల లోపే గట్టిపరచాలి, లేదా అతినీలలోహిత దీపంతో పండించాలి.

ఇంకో తలనొప్పి వ్యాకోచం. వేడెక్కితే పాలీకార్బొనేట్ సిలికా కన్నా వంద రెట్లకు పైగా సాగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆగిన కారు, ఉన్నట్టుండి వాన. కింద ప్లాస్టిక్ సాగి ముడుచుకుంటుంటే పైనున్న గాజు లాంటి పొర దాంతో పాటు కదల్లేక చీలుతుంది. బంకమన్ను అలికిన చెరువు గట్టు ఎండకి నెర్రెలిచ్చినట్టన్నమాట. అందుకే నేరుగా వేయకుండా మధ్యలో హార్డ్‌కోట్‌ను మెత్తటి మెట్టులా వాడతారు. కింద ప్లాస్టిక్, దాని మీద ప్రైమర్, ఆపై కాస్త సాగే గుణమున్న హార్డ్‌కోట్, చిట్టచివర నూరు నానోమీటర్ల పొర.

ఈ తరహా పని చేసే చోటు మనకు దూరమేమీ కాదు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద నడిచే స్వయంప్రతిపత్తి సంస్థ, పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల పరిశోధన దాని పని. డీఆర్‌డీవో వాళ్ల ఆర్‌సీఐ వేరు, ఇది వేరు, దరఖాస్తు పెట్టేటప్పుడు కలగాపులగం చేయకండి. ఏఆర్‌సీఐలో సోల్-జెల్ పూతలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌ల మీద గీతలు పడని పారదర్శక పూతలు, సోలార్ గాజుకు యాంటీ రిఫ్లెక్షన్ పూతలు అక్కడి పరిశోధనల్లో ఉన్నాయి. సోల్-జెల్ అంటే ద్రావణంలో మొదలై, జిగురుగా మారి, చివరికి గాజు లాంటి పొరగా గట్టిపడే రసాయన పద్ధతి. కొలిమి అక్కర్లేదు, పెద్ద శూన్య యంత్రమూ అక్కర్లేదు. ప్లాస్టిక్‌కు ఇది బాగా కుదురుతుంది.

ఇందులో నాకు సరదాగా అనిపించే విషయం ఒకటుంది. గాజు పలకను ద్రావణంలో ముంచి పైకి లాగి పూత వేసే పద్ధతిని డిప్ కోటింగ్ అంటారు. వేగంగా లాగితే పూత పల్చబడుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ మందమవుతుంది! 1942లో లాండావు, లెవిచ్ ఇచ్చిన సూత్రం ప్రకారం మందం వేగానికి మూడింట రెండో ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే మందం 1.6 రెట్లు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు చెబితే మీరు ల్యాబ్‌లో చేయి పెట్టారో లేదో అవతలివారికి అర్థమైపోతుంది.

భోగాపురం గాలిలో ఏముంది?

ఈ మాట ఎందుకంటే, పూత మన్నికను పరీక్షించడానికి ప్రపంచం ఏర్పరచుకున్న ఎండ చోట్లు అమెరికాలో రెండున్నాయి. తేమగా ఉడికించే ఫ్లోరిడా ఒకటి, పొడిగా మాడ్చే అరిజోనా ఇంకోటి. వాహన దీపాల ప్లాస్టిక్‌ను అక్కడ ఆరుబయట మూడేళ్లు ఎండబెట్టి చూడటం అమెరికా ప్రమాణాల్లో భాగం. మరి మన తీరం?

భోగాపురం మండలంలో ముక్కాం, చేపలకంచేరు లాంటి మత్స్యకార గ్రామాల దగ్గర సముద్రం ఎంత దూరమో చెప్పక్కర్లేదు. గాలిలో ఉప్పు తుంపర, తీరం వెంట ఇసుక, హైవే మీద ఎర్రమట్టి దుమ్ము, ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. పైగా 18 డిగ్రీల అక్షాంశం కాబట్టి ఎండ నడినెత్తినే. ఇవన్నీ కలిపి పూతను ఎలా తింటాయో చూడండి.

స్పాంజి పొర ఖాళీల్లోకి ముందు తేమ చేరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీళ్లుంటే గుణకం పెరుగుతుంది, పూత పని తగ్గుతుంది. నీళ్లు ఆరితే మళ్లీ మామూలే, కానీ ఉప్పు మాత్రం లోపలే స్ఫటికంగా మిగులుతుంది. నూనె మరకైతే ఇంకా దారుణం. నూనె గుణకం ప్లాస్టిక్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ చోట పూత ఉన్నా లేనట్టే. తర్వాత డ్రైవరన్న పొడి గుడ్డతో ఇసుకతో సహా తుడుస్తాడు. అది తుడవడం కాదు, గరుకు కాగితం పట్టడం. వాటర్ సర్వీసింగ్‌లో వాడే క్షారగుణం ఎక్కువున్న సబ్బు ద్రావణాలు సిలికాను నెమ్మదిగా కరిగిస్తాయి. హార్డ్‌కోట్‌కు కొన్ని మైక్రాన్ల మందముంది, కొంచెం కరిగినా తెలియదు. నూరు నానోమీటర్ల పొరలో ఇరవై పోయినా రంగు మారిపోతుంది. పెట్రోలు, థిన్నరు పెట్టి మరకలు తుడిచేవాళ్లు మరీ ప్రమాదకరం. అవి తగిలితే పాలీకార్బొనేట్‌లోనే సన్నటి పగుళ్లు వస్తాయి.

ఇన్ని చదివాక మీకో అనుమానం రావాలి. మరి మార్కెట్లో ఉన్న హెడ్‌లైట్లన్నిటికీ ఈ పూత ఉందా? లేదు. చాలావాటికి బయట హార్డ్‌కోట్ మాత్రమే ఉంటుంది. పోయే 10 శాతం కోసం ఇంత తంటా పడేకన్నా కాస్త ఎక్కువ వెలుగిచ్చే ఎల్‌ఈడీ పెట్టేయడం కంపెనీలకు చవక. కానీ ఈ లెక్క మారుతోంది. ఎలక్ట్రిక్ వాహనంలో బ్యాటరీ నుంచి ఖర్చయ్యే ప్రతి వాటుకూ లెక్కుంటుంది. అంతకన్నా పెద్ద కారణం, కార్లకు ఇప్పుడు దీపాలతో పాటు కళ్లు కూడా వచ్చాయి. కెమెరాలు, లైడార్ సెన్సార్లు. వాటి ముందుండే కవర్ల మీద పడే ప్రతిబింబం తప్పుడు సమాచారమవుతుంది, అక్కడ యాంటీ రిఫ్లెక్షన్ పూత తప్పదు. ఆ కవరు కూడా బంపరు దగ్గరే ఉండి, అదే ఎండ, అదే ఇసుక తినాలి. సమస్య మాత్రం మారలేదు.

లోపలి ముఖానికి ముందు..

నన్నడిగితే హెడ్‌లైటుకు మొదట లోపలి ముఖానికే ఈ పూత వేయాలి. రెండు ముఖాల దగ్గరా చెరో 5 శాతం పోతున్నప్పుడు, ఇసుక, సబ్బు, గుడ్డ ఏవీ తగలని లోపలి వైపు నుంచి సగం లాభం తీసుకోవచ్చు కదా. అక్కడ తట్టుకోవాల్సింది ల్యాంపు వేడినీ, లోపల పట్టే తేమనూ. తేమకు విడిగా యాంటీ ఫాగ్ పూత వేస్తారు, ఆ రెండూ ఒకే పొరలో కలిపితే ఎలా ఉంటుందన్నది మంచి ఎంటెక్ ప్రాజెక్టు.

బయటి ముఖానికి దారులు వేరు. ఒకటి, బోలు సిలికా గుళికలు. లోపల గాలి నింపి మూసేసిన నానో బుడగలన్నమాట. ఖాళీ బుడగ లోపలే ఉంటుంది కాబట్టి నీళ్లు, నూనె అంత తేలిగ్గా చొరబడవు. బుడగల మధ్య సందులను బైండరుతో నింపి బిగించొచ్చు. రెండో దారి దీపం పురుగు కన్ను. రాత్రిపూట తిరిగే ఈ పురుగుల కంటి మీద కాంతి తరంగం కన్నా చిన్న బుడిపెలు వరసగా ఉంటాయి. గాలి నుంచి కన్నులోకి గుణకం మెట్టులా కాకుండా వాలులా పెరుగుతుంది, అందుకే కన్ను మెరవదు, శత్రువుకు దొరకదు. పూత అక్కర్లేకుండా ప్లాస్టిక్ ముఖాన్నే అలా చెక్కొచ్చు. జర్మనీలోని యేనాలో ఉన్న ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ప్లాస్మాతో యాక్రిలిక్ మీద ఇలా చెక్కే పద్ధతిని అభివృద్ధి చేసింది. చిక్కల్లా, ఆ బుడిపెలను వేలితో రుద్దితే ఏమవుతాయో మీరే చెప్పగలరు. దీన్ని కూడా లోపలి ముఖానికే ఇవ్వాలంటాను. మూడోది శూన్యంలో పొర మీద పొరగా గట్టి ఆక్సైడ్లు వేయడం. మన్నిక బాగుంటుంది, ఖర్చూ బాగానే ఉంటుంది. వంపులున్న పెద్ద ల్యాంపు అంతటా ఒకే మందం తేవడం ఇంకో కష్టం.

కొలువు ఎక్కడుంది?

పూతను కనిపెట్టే శాస్త్రవేత్త ఉద్యోగాలు కొన్నే ఉంటాయి. కానీ ఆ పూత నిలుస్తుందా లేదా అని పరీక్షించేవాళ్లు, లైను మీద రోజూ ఒకే మందం వచ్చేలా చూసేవాళ్లు ప్రతి ల్యాంపుల కంపెనీకీ, రంగుల కంపెనీకీ, కళ్లద్దాల కంపెనీకీ, సోలార్ కంపెనీకీ కావాలి. ల్యుమాక్స్, యూనో మిండా, ఫియెం లాంటి ల్యాంపుల తయారీదారులు మన దేశంలోనే ఉన్నారు. మన రాష్ట్రంలో పెనుకొండలో కియా, శ్రీసిటీలో ఇసుజు కార్లు చేస్తున్నాయి. వాటికి విడిభాగాలు ఇచ్చేవాళ్లకు నాణ్యత పరీక్షలు తెలిసినవాళ్లు అవసరం. విశాఖకు దక్షిణాన పూడిలో ఏషియన్ పెయింట్స్ ప్లాంటుంది. హెడ్‌లైటు కాకపోయినా పూతల రసాయనం నేర్చుకోవడానికి అదీ ఒక చోటే. భోగాపురంలో జీఎంఆర్ చేపట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం అనగానే మనవాళ్లకు గ్రౌండ్ స్టాఫ్, టికెట్ కౌంటరే గుర్తొస్తాయి. విమానం కిటికీలు కూడా యాక్రిలిక్‌వే, వాటికీ గీతలు, సన్నటి పగుళ్ల గొడవ ఉంది. నిర్వహణ రంగంలోకి వెళ్లేవాళ్లకు ప్లాస్టిక్ ఉపరితలాల జ్ఞానం ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది.

ఉన్న మాట చెప్పుకోవాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ రూమ్మేటుకన్నా తక్కువే ఉండొచ్చు. షిఫ్టులుంటాయి, సాల్వెంటు వాసన ఉంటుంది. కానీ నాలుగేళ్లు పరీక్షల మీద పట్టు సాధించినవారి స్థానంలో ఇంకొకరిని రాత్రికి రాత్రి తేలేరు.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు కొన్ని పరీక్షల పేర్లు నోటికి రావాలి. పూతను బ్లేడుతో చిన్న గళ్లుగా కోసి, టేపు అంటించి లాగి చూసేది క్రాస్‌కట్ పరీక్ష. ఇందులో ఓ తమాషా ఉంది. అమెరికా పద్ధతి ఏఎస్‌టీఎం డి3359లో అన్నిటికన్నా మంచి ఫలితం 5బి, అంతర్జాతీయ పద్ధతి ఐఎస్‌వో 2409లో మంచి ఫలితం 0. రెజ్యూమేలో ఏ పద్ధతో రాయకుండా ‘5 వచ్చింది’ అని రాస్తే చదివేవాడు నవ్వుకుంటాడు. గరుకు చక్రాలతో తిప్పి మసక ఎంత పెరిగిందో చూసేది టేబర్ పరీక్ష. మసకను కొలిచేది హేజ్, దానికి డి1003. ఉప్పు పొగమంచులో పెట్టేది బి117, అందులో 5 శాతం ఉప్పు ద్రావణం, 35 డిగ్రీలు. అతినీలలోహిత దీపాలు, తేమ మార్చి మార్చి పెట్టే యంత్రం క్యూయూవీ.

ఇక తరచూ తికమక పెట్టే ప్రశ్న. ‘క్యూయూవీలో ఎన్ని గంటలు పెడితే విశాఖ తీరంలో ఏడాదితో సమానం?’ చాలామంది ఏదో ఒక అంకె చెప్పేస్తారు. సరైన జవాబు, అలాంటి స్థిరమైన అంకె లేదు అన్నదే. పూత రకాన్ని బట్టి, ఏ కారణంతో పాడవుతోందో దాన్ని బట్టి నిష్పత్తి మారుతుంది. ఆరుబయట ఎండబెట్టిన నమూనాలతో పోల్చి, పాడైన తీరు రెండు చోట్లా ఒకేలా ఉందని నిరూపించాకే ఆ అంకెకు విలువ.

డాబా మీద ఫైనలియర్ ప్రాజెక్టు

ఆ ఆరుబయట నమూనాలు మన దగ్గర మీరే పెట్టుకోవచ్చు. భోగాపురం, పూసపాటిరేగ, భీమిలి ప్రాంతాల పిల్లలకు సముద్రం ఉచితంగా ఇచ్చిన ల్యాబ్ ఇది.

షెడ్ల పైకప్పుకు వేసే పారదర్శక పాలీకార్బొనేట్ షీటు ముక్కలు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. వీటిలో చాలావాటికి ఒక వైపు మాత్రమే అతినీలలోహిత రక్షణ పొర ఉంటుంది, ఏ వైపో స్టిక్కరు మీద రాసి ఉంటుంది. అదే మీ ప్రయోగానికి ప్రాణం. కొన్ని ముక్కలు రక్షణ వైపు పైకి, కొన్ని తిరగేసి పెట్టండి. స్క్రాపు షాపులో దొరికే పాత హెడ్‌లైటు కవరును పాలిష్ పట్టి ఒక వరస పెట్టండి. ఒక చట్రం తీరానికి దగ్గరగా ఉన్న డాబా మీద, ఇంకోటి విజయనగరంలో మీ కాలేజీ డాబా మీద, దక్షిణానికి 18 డిగ్రీలు వంచి బిగించండి. ఒక సెట్టును బీరువాలో చీకట్లో దాచండి, పోల్చుకోవడానికి. సగం ముక్కలను వారం వారం నీళ్లతో కడగండి, సగాన్ని ముట్టుకోకండి.

నెలకోసారి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోని యూవీ విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టండి. 400 నుంచి 420 నానోమీటర్ల దగ్గర శోషణ పెరుగుతుంటే పసుపెక్కుతోందన్నమాట. మసకను చూడటానికి హేజ్ మీటర్ లేకపోతే, అక్షరాలు ముద్రించిన కాగితాన్ని ముక్క వెనక కొంచెం కొంచెం దూరం జరుపుతూ ఎక్కడ చదవలేకపోతున్నారో రాసుకోండి. దూరం ఎప్పుడూ స్కేలుతోనే కొలవండి. టేపు పరీక్షకు కావాల్సింది ఒక బ్లేడు, ఒక టేపు. ప్రతిసారీ ఒకే కంపెనీ టేపు వాడండి, లేదంటే పోలిక చెల్లదు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు కూడా ఇందులో దూరొచ్చు. పొరల పరావర్తనాన్ని లెక్కకట్టే టీఎంఎం అనే పైథాన్ ప్యాకేజీ ఉచితం. పదార్థాల గుణకాలు రిఫ్రాక్టివ్‌ఇండెక్స్ డాట్ ఇన్ఫో సైటులో దొరుకుతాయి. పొర మందం 10 నానోమీటర్లు తప్పితే రంగు ఎంత మారుతుంది, ఖాళీల్లో నీళ్లు చేరితే ఎంత నష్టం లాంటి ప్రశ్నలకు ఓ ఆదివారంలో గ్రాఫులు గీయొచ్చు. మెకానికల్, కెమిస్ట్రీ పిల్లలతో కలిసి చేస్తే ఇద్దరి రెజ్యూమేలకూ పనికొస్తుంది.

చదువు సంగతికొస్తే, పది తర్వాత ప్లాస్టిక్స్ డిప్లొమాలకు విజయవాడ, హైదరాబాద్‌లలో సిపెట్ ఉంది, ప్రవేశ పరీక్ష విడిగా ఉంటుంది. బీఎస్సీ వాళ్లకు జామ్, బీటెక్ వాళ్లకు గేట్. గేట్‌లో ఎక్స్‌ఈ పేపరు చాలామంది పట్టించుకోరు. అందులో ఇంజినీరింగ్ గణితంతో పాటు మెటీరియల్స్ సైన్స్, పాలిమర్ సైన్స్ ఎంచుకోవచ్చు, ఈ రంగానికి అచ్చంగా సరిపోయే జోడీ. పూతల రసాయనాన్నే ప్రత్యేకంగా చదవాలంటే ముంబయిలోని ఐసీటీలో సర్ఫేస్ కోటింగ్ టెక్నాలజీ ఉంది. మన దగ్గర ఎన్‌ఐటీ వరంగల్, ఆంధ్రా వర్సిటీల్లో మెటలర్జీ, హైదరాబాద్‌లో సెంట్రల్ వర్సిటీ, ఐఐటీ, సీఎస్‌ఐఆర్ వారి ఐఐసీటీ. ఏఆర్‌సీఐ ప్రాజెక్టు ఉద్యోగాలు, విద్యార్థుల శిక్షణ ప్రకటనలు ఆ సంస్థ వెబ్‌సైటులోనే వస్తాయి, వారానికోసారి చూడండి.

డాబా మీద చట్రం పెట్టేవాళ్లు జూన్‌లో మొదలుపెడితే వానలు, తుపాన్లు, చలి, మళ్లీ ఎండ మొదలు అన్నీ విద్యా సంవత్సరంలోనే దొరుకుతాయి. తుపాను హెచ్చరిక వస్తే ముక్కల్ని లోపలికి తెచ్చేయాలనిపిస్తుంది, తేకండి, చట్రాన్ని గట్టిగా కట్టండి. ముక్క మీద ఉప్పు మరక కనిపించగానే తుడవకండి, ముందు తేదీ వేసి ఫొటో తీయండి.